దారులు తేల్చే పనిని, ప్యాకెట్లు మోసే రౌటర్ల నుంచి విడదీయాలా?

మిర్యాలగూడ_తీగ
మాది మిర్యాలగూడ, నల్లగొండ, దేవరకొండ పట్టణాల్లో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థ. మూడు చోట్లా ఒక్కొక్క రౌటర్ ఉంది. మిర్యాలగూడ రౌటర్‌కు ఒక అప్‌స్ట్రీమ్ (మాకు నెట్ ఇచ్చే పెద్ద సంస్థ), నల్లగొండ రౌటర్‌కు మరొక అప్‌స్ట్రీమ్ తగిలించి, రెండింటి నుంచీ, ఇంటర్నెట్‌లో ఏ చిరునామాకు ఏ దారో చెప్పే పూర్తి బీజీపీ పట్టిక తీసుకుంటున్నాం. రహదారి పనుల వల్ల నెల రోజులుగా నల్లగొండ వైపు ఫైబర్ రాత్రిపూట పదే పదే పడి లేస్తోంది. లింకు పడిన ప్రతిసారీ రౌటర్ ప్రాసెసర్ నిండిపోయి, ఆ లింకుతో ఏ సంబంధమూ లేని చందాదారులకు కూడా నాలుగైదు నిమిషాల పాటు నెట్ ఆగిపోతోంది. పరికరాలు అమ్మే ఒకాయన వచ్చి, దారుల లెక్క చూసే పనిని వేరే సర్వరుకు అప్పగించి, రౌటర్లను ప్యాకెట్లు ముందుకు పంపే పనికే పరిమితం చేస్తే ఈ బాధ తీరుతుందని చెప్పి, ఆ సర్వరుగా పనిచేసే ఒక కంట్రోలర్‌కు కొటేషన్ ఇచ్చి వెళ్లారు. నా సందేహం ఒక్కటే. ఆ సర్వరు ఆగిపోయిన రోజు మూడు పట్టణాలూ ఒకేసారి చీకట్లో పడవా?

గద్వాల_జరీ
కొటేషన్ మొత్తం ఎంతో రాస్తే, సందేహంలో సగం ఇక్కడే తీరిపోతుంది.

నీరటి_మనవడు
ముందుగా ఒక విషయం చెప్పాలి. మీరు విడదీయాలా అని అడుగుతున్న ఆ రెండు పనులూ మీ రౌటర్‌లో ఇప్పటికే విడివిడిగా ఉన్నాయి. ఒకే పెట్టెలో ఉన్నందువల్ల ఒకటిగా కనిపిస్తున్నాయి, అంతే. పొరుగు రౌటర్లు చెప్పిన దారులన్నీ విని, వాటిలో మేలైనవి ఎంచుకునే చోటు రిబ్. ఎంచుకున్న వాటిని మాత్రం, ఏ చిరునామాకు వెళ్లేది ఏ పోర్టులో బయటపడాలన్నంత వరకే కుదించి రాసుకున్న పట్టిక ఫిబ్. వచ్చిన ప్యాకెట్ ఫిబ్‌ను మాత్రమే ఎరుగును. బీజీపీ అనేది ఒకటి ఉందన్న సంగతి కూడా దానికి అక్కరలేదు.

మా తాత ఊరి చెరువుకు నీరటి. ఏ మడికి ఎంత నీరు అన్నది తేల్చేదీ ఆయనే, తూము తీసేదీ ఆయనే. మా మేనమామ సాగర్ ఎడమ కాలువ మీద లష్కర్. ఏ రోజు ఏ తూముకు నీరు వదలాలన్న వారబందీ ఇంజనీర్ల కార్యాలయంలో తయారవుతుంది; షట్టరు ఎత్తడం, దించడం మాత్రమే ఆయన పని. ఇప్పుడు మీ రౌటర్ మా తాత లాంటిది. కొటేషన్ ఇచ్చినాయన దాన్ని మా మేనమామగా మార్చమంటున్నారు. కార్యాలయానికి ఫోను కలవని రోజున కాలువ ఎండిపోదు, ఎందుకంటే నిన్న ఎత్తిన షట్టరు ఎత్తినట్టే ఉంటుంది. అందువల్ల మీరు అడగవలసింది సర్వరు ఆగిపోతుందా అని కాదు. అది ఏదో ఒక రోజు ఆగక తప్పదు. అది ఆగినప్పుడు మీ షట్టరు ఎత్తినట్టే ఉంటుందా, లేక దానంతట అదే కింద పడిపోతుందా అన్నది అడగాలి.

గద్వాల_జరీ
మేనమామ గారి సంగతి బాగుంది. షట్టరు ఎత్తినట్టే ఉండి, దిగువన కాలువకు గండి పడితే ఆ నీళ్లు ఎవరి చేలో పడతాయి?

నీరటి_మనవడు
అసలు చిక్కంతా అక్కడే ఉంది. పాత ఉత్తర్వు మీద నడిచే నెట్‌వర్క్, బయట ఏదీ మారనంత కాలమే భద్రం. ఉత్తర్వులు అందని ఆ కాసేపట్లోనే ఒక లింకు కూడా తెగితే, ప్యాకెట్లు లేని దారిలో పోతూనే ఉంటాయి. అందుకే లింకు తెగిందన్న వార్తను మాత్రం సర్వరు కోసం ఎదురుచూడకుండా రౌటర్ తానే పట్టించుకోవాలి.

పాలమూరు_ప్యాకెట్
నీరటి గారి ఉపమానంతో నాకు పేచీ లేదు. మూడు రౌటర్ల నెట్‌వర్క్‌కు కంట్రోలర్ అన్న మాటతోనే పేచీ. ఈ విభజన కొత్తగా పుట్టినదేమీ కాదు. 1998లో జునిపర్ తెచ్చిన ఎం40 రౌటర్‌లో రూటింగ్ ఇంజన్ ఒకటి, ప్యాకెట్లను పంపే హార్డ్‌వేర్ ఇంకొకటి. ఆ తర్వాత నిర్ణయాన్ని పెట్టె నుంచే బయటికి తీసే ఆలోచనలు వచ్చాయి. 2004లో ఫోర్సెస్ అనే నమూనా ఆర్‌ఎఫ్‌సీ 3746గా వెలువడింది (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాలే ఆర్‌ఎఫ్‌సీలు). 2008లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు అదే ఆలోచనతో ఓపెన్‌ఫ్లో వ్యాసం ప్రచురించారు. గూగుల్ తన డేటా సెంటర్లను కలిపే బీ4 నెట్‌వర్క్ గురించి 2013లో రాసింది. అక్కడ చాలా లింకులను దాదాపు నూరు శాతం నింపి నడపగలిగారు. అయితే ఏ డేటా ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే అధికారం కూడా వాళ్ల చేతిలోనే ఉందన్న సంగతి మరువకూడదు. రాత్రి ఎనిమిది గంటలకు మిర్యాలగూడలో ఎవరు ఏ సినిమా చూడాలో మీరు నిర్ణయించలేరు కదా.

లెక్క కూడా చూడండి. ఒకే సంస్థ రౌటర్ల మధ్య నడిచే బీజీపీలో, అంటే ఐబీజీపీలో, ప్రతి రౌటర్ మిగిలిన ప్రతి రౌటర్‌తోనూ మాట్లాడాలి. మూడు రౌటర్లకు 3 సెషన్లు, పదింటికి 45, నలభైకి 780. నలభై ఉన్నవారు మధ్యవర్తి కోసం వెతకడం న్యాయం. మూడు ఉన్నవారికి మధ్యవర్తి ఎందుకు?

జడ్చర్ల_జంక్షన్
పాలమూరు గారి లెక్క సరైనదే కానీ, కంట్రోలర్ వద్దంటే విడదీయడమే వద్దని కాదు. ఖరీదైన కంట్రోలర్ కొనకుండానే, రూట్ రిఫ్లెక్టర్ అనే పాత పద్ధతిలో ఈ పనిలో పెద్ద భాగం అవుతుంది. అది 1996 నుంచీ ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న వివరణ 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4456. ఒక మామూలు సర్వరు మీద బర్డ్, ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ ప్రోగ్రాంలలో ఒకటి వేసి, రౌటర్లన్నీ దానితోనే మాట్లాడేటట్లు చేయవచ్చు. దారుల సమాచారం దాని గుండా పోతుంది, ప్యాకెట్లు పోవు. నెట్ సంస్థలు ట్రాఫిక్ మార్చుకునే ఎక్స్ఛేంజీల్లో ఉండే రూట్ సర్వర్లు కూడా ఇంతే: సభ్యుల మధ్య ప్రకటనలు చేరవేస్తాయి, ట్రాఫిక్ మాత్రం సభ్యుల మధ్య నేరుగా నడుస్తుంది.

ఇక నా అనుభవం. ఏడు రౌటర్లకు ఒకే ఒక్క రిఫ్లెక్టర్ పెట్టి, దాన్ని జడ్చర్ల రౌటర్ వెనుక ఒకే తీగతో తగిలించాను. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ అమర్చాను కాబట్టి, సర్వరు పోయినా పాత దారులు కొంతసేపు నిలుస్తాయని ధైర్యంగా ఉన్నాను. పరీక్షించినప్పుడు సర్వరు మీది ప్రోగ్రాంను చంపి చూశాను, దారులు చెక్కుచెదరలేదు. తర్వాత ఒక రోజు ఎలుక ఆ తీగ కొరికింది. 90 సెకన్ల పాటు అంతా బాగానే ఉంది, తొంభై ఒకటో సెకనుకు ఏడు రౌటర్లూ తమ దారులన్నింటినీ తుడిచివేశాయి. ట్రాఫిక్ నడిచే ఫైబర్లన్నీ పచ్చదీపాలతో వెలుగుతూనే ఉన్నాయి, వాటి మీద ఒక్క ప్యాకెట్ లేదు.

కారణం తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ప్రోగ్రాం చచ్చిపోతే దానికీ రౌటర్‌కూ మధ్య సంభాషణ, అంటే టీసీపీ సెషన్, వెంటనే తెగుతుంది. అప్పుడు 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4724 ప్రకారం, అవతలివాడు తిరిగి లేస్తాడని రౌటర్లు ఎదురుచూస్తాయి. తీగ తెగితే సెషన్ తెగదు, అవతలి వైపు మౌనం మాత్రమే ఉంటుంది. మౌనాన్ని ఎంతసేపు భరించాలో చెప్పే హోల్డ్ టైమర్ ముగిశాక రౌటర్ తానే నోటిఫికేషన్ పంపి సెషన్ మూసేస్తుంది. అలా మూసేసిన సెషన్‌కు ఆ పాత నియమంలోని మినహాయింపు వర్తించదు. ఈ లోపాన్ని పూరించినది 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8538. మీ పరికరంలో అది ఉందో లేదో చూడకుండా గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్‌ను నమ్ముకోవద్దు.

నీరటి_మనవడు
షట్టరు దానంతట అదే పడిపోవడం అని నేను అన్నది సరిగ్గా దీన్నే.

వనపర్తి_వైరు
నేను చేసిన తప్పు ఇంకా చిన్నది, ఫలితం ఇంకా పెద్దది. అలవాటు కొద్దీ రిఫ్లెక్టర్ మీద కూడా నెక్స్ట్ హాప్ సెల్ఫ్ అన్న ఒక్క వరుస రాశాను. దానితో ప్రతి దారికీ, ప్యాకెట్లు తర్వాత చేరవలసిన చిరునామా రిఫ్లెక్టర్‌దే అయింది. మొత్తం పట్టణం ట్రాఫిక్, ఒక గిగాబిట్ కార్డు ఉన్న ఆ పాత కంప్యూటర్‌లోకి వచ్చి పడింది. వారబందీ రాసే ఇంజనీరు గారి బల్ల మీదికే కాలువ మళ్లించినట్టయింది.

పాత_ఎక్స్ఛేంజీ
నేను టెలిఫోన్ శాఖలో పని చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు చర్చిస్తున్న ఈ విభజన మా రంగంలో మీకన్నా ముందే జరిగింది. ఒకప్పుడు మాట వెళ్లే దారి మీదనే, ఏ నంబరుకు కలపాలన్న సంకేతాలు కూడా వెళ్లేవి. అమెరికాలో 2600 హెర్ట్జ్ ఈల వేసి, దూరపు కాల్స్‌ను ఉచితంగా కలుపుకున్న కుర్రవాళ్ల కథ ఆ కాలానిదే. 1976లో అక్కడ సంకేతాలకు విడిగా ఒక దారి ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎస్ఎస్7 అనే సంకేత వ్యవస్థ వచ్చింది. మాట్లాడేవారికి సంకేతాల దారి అందకుండా పోవడంతో, ఈల వేసి మోసం చేసే అవకాశం పోయింది.

అందువల్ల నా ప్రశ్న వేరు. మిర్యాలగూడ గారి సర్వరు నుంచి దేవరకొండ రౌటర్‌కు ఉత్తర్వు ఏ దారిలో వెళ్తుంది? చందాదారుల ట్రాఫిక్ వెళ్లే అదే ఫైబర్ మీదనైతే, కాగితం మీద విడిపోయినవి నేలలో కలిసే ఉన్నట్టు.

మిర్యాలగూడ_తీగ
అదే ఫైబర్ మీదనే వెళ్తుంది. వేరే ఫైబర్ లేదు.

పాత_ఎక్స్ఛేంజీ
అయితే కనీసం ప్రతి చోటా ఒక మొబైల్ సిమ్ ఉన్న చిన్న పెట్టె పెట్టి, రౌటర్ కన్సోల్‌కు (నేరుగా ఆదేశాలిచ్చే పోర్టుకు) తగిలించండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ కొన్ని గంటల పాటు మాయమైన సంగతి గుర్తుందా? నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వల్ల వాళ్ల వెన్నెముక నెట్‌వర్క్ మొత్తం తెగిపోయింది. డేటా సెంటర్లు అందకపోవడంతో పేర్లను చిరునామాలుగా మార్చే వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు, తాము బాగా లేమని భావించి తమ బీజీపీ ప్రకటనలను తామే వెనక్కి తీసుకున్నాయి. బయటి నుంచి లోపలికి వెళ్లేందుకు పెట్టుకున్న విడి దారి కూడా పని చేయక, ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్‌కు వెళ్లి సరిచేయవలసి వచ్చింది. మీకైతే దేవరకొండకు బస్సు ఉంది కాబట్టి పర్వాలేదు.

గద్వాల_జరీ
రాత్రి రెండు గంటలకు లేదు.

నకిరేకల్_నిద్రలేమి
అందరూ మందు రాస్తున్నారు, నాడి ఎవరూ పట్టలేదు. లింకు పడినప్పుడు ప్రాసెసర్ నిండిపోతున్నది బీజీపీ వల్లనా, నాట్ (చిరునామాల మార్పిడి) వల్లనా, పీపీపీఓఈ (చందాదారుల లాగిన్) సెషన్ల వల్లనా? ప్రాసెసర్‌లో ఒక్క కోరు నిండిందా, అన్నీ నిండాయా? రాత్రి ఒకసారి లింకు పడినప్పుడు ఏ పని ఎంత వాడుతున్నదో చూసి ఇక్కడ రాయండి.

మిర్యాలగూడ_తీగ
నిన్న రాత్రి కూర్చుని చూశాను. లింకు పడగానే రూటింగ్ పని చూసే ఒక్క కోరు నూటికి నూరు అయింది. మిగిలిన కోరులు నలభై శాతం దాటలేదు. నాట్ మామూలుగానే ఉంది. కానీ నన్ను ఆశ్చర్యపరిచినది ఇంకొకటి. ప్రాసెసర్ నిండినందువల్ల ప్యాకెట్లు ఆగడం లేదు. అవి పూర్తి వేగంతో వెళ్తూనే ఉన్నాయి, కాకపోతే పడిపోయిన నల్లగొండ అప్‌స్ట్రీమ్ వైపే వెళ్తున్నాయి. పట్టికలో ఆ వైపు చూపుతున్న లక్షల వరుసలను రౌటర్ ఒక్కొక్కటిగా మిర్యాలగూడ వైపుకు తిప్పి రాయడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. సంబంధం లేదని నేను అనుకున్న చందాదారులు కూడా, బయటికి పోయేటప్పుడు నల్లగొండ దారి ఎంచుకున్నవాళ్లే.

నకిరేకల్_నిద్రలేమి
ఇప్పుడు రోగం తెలిసింది. నిర్ణయం ఎక్కడ జరుగుతున్నది అన్నది మీ సమస్య కాదు. జరిగిన నిర్ణయం ఫిబ్‌లోకి చేరడానికి పట్టే సమయం మీ సమస్య. మీరు ఎంత పెద్ద సర్వరు కొని నిర్ణయాన్ని అక్కడ క్షణంలో తేల్చినా, ఆ లక్షల వరుసలను తిరగరాయవలసింది ఇదే రౌటర్. వారబందీ కార్యాలయంలో కంప్యూటర్ మార్చినంత మాత్రాన లష్కర్ సైకిల్ వేగం పెరగదు.

కొన్ని రౌటర్లలో దీనికి ఉపాయం ఉంటుంది. ప్రతి వరుసలోనూ బయటి పోర్టు రాయకుండా, అన్ని వరుసలూ ఒకే గుర్తు వైపు చూపేటట్లు, ఆ గుర్తు ఒక్కటే పోర్టు వైపు చూపేటట్లు పట్టికను రెండు అంతస్తులుగా కడతారు. లింకు పడితే ఆ ఒక్క గుర్తును మారిస్తే చాలు. వరుసలు వెయ్యి ఉన్నా, పది లక్షలు ఉన్నా పట్టే సమయం ఒక్కటే. పిల్ల కాలువలన్నీ తిరిగి మూసుకుంటూ రావడం మాని, పెద్ద తూము దగ్గర ఒక్క షట్టరు దించినట్టు. మీ రౌటర్‌కు ఆ శక్తి ఉన్నదేమో చూడండి.

మిర్యాలగూడ_తీగ
లేదు. చూశాను.

పాలమూరు_ప్యాకెట్
అయితే ఇంకా సులువైన దారి ఉంది, వరుసలే తగ్గించండి. మీకు పూర్తి పట్టిక ఎందుకు? ఐపీవీ4 చిరునామాల పూర్తి పట్టిక ఇప్పుడు పది లక్షల వరుసలకు అటూ ఇటూగా ఉంది. 2014 ఆగస్టు 12న అది 5,12,000 దాటినప్పుడే, ఆ హద్దుకు అమర్చి ఉన్న పాత రౌటర్లు ప్రపంచమంతటా తడబడ్డాయి. ఇళ్లకు నెట్ ఇచ్చే మీలాంటి సంస్థలో ట్రాఫిక్ ఎక్కువ భాగం లోపలికి వచ్చేదే. లోపలికి ఏ అప్‌స్ట్రీమ్ ద్వారా రావాలన్నది మీ పట్టికను బట్టి కాదు, మీరు బయటికి చేసే ప్రకటనలను బట్టి అవతలివాళ్లు నిర్ణయిస్తారు. పూర్తి పట్టిక మీ చేతికి ఇచ్చేది బయటికి పోయే ఆ కొద్ది ట్రాఫిక్ మీద అధికారం మాత్రమే. రెండు వైపుల నుంచీ డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియని వాటన్నింటికీ ఇదే దారి అనే ఒక్క వరుస) తీసుకోండి, దానితో పాటు ఆ అప్‌స్ట్రీమ్‌ల సొంత చందాదారుల దారులు మాత్రం తీసుకోండి.

జడ్చర్ల_జంక్షన్
ఒక్క షరతు మీద ఒప్పుకుంటాను. డిఫాల్ట్ రూట్ అబద్ధం చెప్పగలదు. మీకు, అప్‌స్ట్రీమ్‌కు మధ్య లింకు బాగానే ఉండి, ఆ అప్‌స్ట్రీమ్ హైదరాబాద్ వైపు తెగిపోయినా, కొందరు డిఫాల్ట్‌ను పంపుతూనే ఉంటారు. పూర్తి పట్టిక ఉంటే దారులు మాయమై మీకు సంగతి తెలిసేది. డిఫాల్ట్ ఒక్కటే ఉంటే మీ ప్యాకెట్లు మౌనంగా గోతిలో పడతాయి. అందువల్ల ఎన్నడూ పోకూడని నాలుగైదు పేరున్న దారులను కూడా తీసుకుని, అవి కనబడుతున్నంత కాలమే ఆ డిఫాల్ట్‌ను నమ్మేటట్లు రాయండి.

అచ్చంపేట_గాలి
లింకు లేచిన వెంటనే దాన్ని నమ్మడం కూడా మానండి. మా దగ్గర గాలివాన రోజుల్లో మైక్రోవేవ్ లింకు గంటకు పది సార్లు పడి లేచేది. లేచాక అయిదు నిమిషాలు నిలకడగా ఉంటేనే వాడుకునేటట్లు ఆలస్యం పెట్టాం. పడిన సంగతి మాత్రం బీఎఫ్‌డీ అనే లింకు తనిఖీతో ఒక సెకను లోపలే తెలిసిపోతుంది. పడిపోయినదాన్ని తొందరగా వదలాలి, లేచినదాన్ని నిదానంగా నమ్మాలి.

నీరటి_మనవడు
అచ్చంపేట గారి సూత్రం పెళ్లి సంబంధాలకు కూడా పనికి వస్తుంది.

వనపర్తి_వైరు
ఎప్పుడైనా రిఫ్లెక్టర్ పెడితే, దాని చోటు కూడా ఆలోచించి పెట్టండి. అది తన స్థానం నుంచి చూసి దగ్గరైన దారినే ఎంచి అందరికీ చెబుతుంది. రిఫ్లెక్టర్ నల్లగొండలో ఉంటే, మిర్యాలగూడ అప్‌స్ట్రీమ్‌కు దగ్గరగా ఉన్న రౌటర్ ప్యాకెట్లు కూడా నల్లగొండ చుట్టి వెళ్లవలసి రావచ్చు. ఒక్కటి కాకుండా అనేక దారులు పంపేందుకు యాడ్ పాత్ అనే పద్ధతి 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7911లో ఉంది. అడిగేవాడి స్థానం నుంచి లెక్క కట్టే పద్ధతి 2021 నాటి 9107లో ఉంది. నిర్ణయాన్ని ఒక చోటికి చేర్చడమంటే, అందరి కళ్లతోనూ ఆ ఒక్క చోటి నుంచే చూడవలసి రావడం.

మిర్యాలగూడ_తీగ
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. రెండు వైపులా పూర్తి పట్టిక మాని, పాలమూరు గారు చెప్పినట్లు డిఫాల్ట్‌నూ, కొన్ని వేల దారులనూ మాత్రం ఉంచాను. జడ్చర్ల గారి షరతు కూడా పాటించాను. ఈ తొమ్మిది రాత్రుల్లో నల్లగొండ ఫైబర్ ముప్ఫైకి పైగా సార్లు పడింది. ఒక్కోసారి మూడు నాలుగు సెకన్ల కుదుపు తప్ప ఏ ఫిర్యాదూ రాలేదు. రౌటర్‌లో ఆ కోరు ఇప్పుడు ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంది.

సూర్యాపేటలో, హుజూర్‌నగర్‌లో రౌటర్లు పెట్టాలని ఉంది కాబట్టి, రిఫ్లెక్టర్ల సంగతి వదిలిపెట్టలేదు. ఆఫీసులో మూల పడి ఉన్న రెండు కంప్యూటర్ల మీద ఎఫ్‌ఆర్‌ఆర్ వేసి, ఒక పాత రౌటర్‌తో కలిపి బల్ల మీద పరీక్ష పెట్టాను. ప్రోగ్రాంను చంపితే దారులు నిలిచాయి. తీగ పీకితే, జడ్చర్ల గారికి జరిగినట్లే, హోల్డ్ టైమర్ ముగియగానే అన్నీ పోయాయి. రెండో రిఫ్లెక్టర్‌ను కూడా కలిపి మొదటిదాని తీగ పీకితే ఏమీ కాలేదు. రెండింటి తీగలూ పీకినా ట్రాఫిక్ బయటికి పోయేటట్లు, తక్కువ ప్రాధాన్యం ఉన్న ఒక స్టాటిక్ డిఫాల్ట్‌ను రౌటర్‌లోనే రాసి ఉంచాను.

జడ్చర్ల_జంక్షన్
ఆ రెండు కంప్యూటర్లూ ఒకే కరెంటు బోర్డుకు తగిలించి లేవు కదా?

మిర్యాలగూడ_తీగ
ఒకే బోర్డుకు తగిలించి ఉన్నాయి. ఇప్పుడే లేచి మార్చాను. ఒకదాన్ని వచ్చే వారం దేవరకొండకు తీసుకువెళ్తున్నాను.

గద్వాల_జరీ
కొటేషన్ ఇచ్చినాయన ఏమయ్యారు?

మిర్యాలగూడ_తీగ
మళ్లీ వచ్చారు. కంట్రోలర్‌ను ఇక్కడే బల్ల మీద పెట్టి, మా ఎదుట దాని తీగ పీకి, ఆ తర్వాత రౌటర్‌లో ఏ దారులు మిగులుతాయో చూపించమని అడిగాను. తమ ఇంజనీరును వెంటబెట్టుకుని సోమవారం వస్తామన్నారు. రెండు సోమవారాలు గడిచాయి.